గుమ్మం దగ్గర చెప్పాల్సిన మాటలు

డిపో, డ్యూటీ కిటికీ వెనక
వానలు మొదలైన వారం

అక్కా,

నిన్న ఫోన్లో నీ మీద అరిచి ఠపీమని పెట్టేశాను. తప్పు నాదే, కానీ ఒప్పుకోమంటే ఒప్పుకోను. ఇకమీదట మా పిడుగు సంగతులు ఉత్తరాల్లోనే రాసుకుందాం. ఫోన్లో అయితే నువ్వు ఒకటి అనేలోపు నేను నాలుగు అంటాను, ఆ తర్వాత ఇద్దరం మూతులు ముడుచుకుని కూర్చుంటాం. ఉత్తరంలో అయితే నువ్వు చెప్పేది చివరిదాకా చదవక చస్తానా.

నా ప్రశ్న ఒక్కటే. ఇన్నేళ్ళుగా మీ డేకేర్ గుమ్మంలో నిలబడి పిల్లల్ని లోపలికి తీసుకునేది నువ్వే కదా. పిల్లకి ఒంట్లో బాగోకపోతే ఎప్పుడు పంపచ్చు, ఎప్పుడు ఇంట్లో ఉంచాలి? ముక్కు కారితే? దగ్గితే? రాత్రి వెచ్చబడి తెల్లారేసరికి చల్లబడితే? ఇక్కడి డేకేర్ గుమ్మం దగ్గర ఉండే ఆవిడ మొన్న మళ్ళీ ఫోన్ చేసింది, ‘ఒళ్ళు వెచ్చగా ఉందండీ, వచ్చి తీసుకెళ్ళండి’ అని. అప్పటికి నా కిటికీ ముందు డ్రైవర్లు, కండక్టర్లు వరసలో నిలబడి ఉన్నారు. ఎవరు ఏ బస్సు ఎక్కాలో నేను చెప్తే తప్ప ఒక్క చక్రం కదలదు. మధ్యలో లేచి పరిగెత్తాను. నా వెనక బస్టాపుల్లో జనం నన్ను ఎన్ని తిట్టుకున్నారో.

ఇంకోసారి ఇలా లేచిపోతే ఈ కిటికీ వేరేవాళ్ళకి ఇచ్చేస్తానని డిపో పెద్దాయన అనేశాడు. ఉత్తుత్తి బెదిరింపు కాదు, ఆయన మొహం చూశాను. మీ మరిదేమో సెల్ టవర్లెక్కే పని మీద ఊళ్ళు పట్టుకు తిరుగుతున్నారు. పిల్లకి జ్వరం అంటే పైనుంచి ‘సిగ్నల్ లేదు’ అంటారు. టవరు మీద కూర్చుని!

ఇక్కడ ఒంట్లో బాగోలేదని ఫోన్ చేసే డ్రైవర్లని నమ్మకపోవడమే నా ఉద్యోగం. గొంతు వింటే చాలు, నిజం జ్వరమో దొంగ జ్వరమో చెప్పేస్తాను. ఇంట్లో పిల్ల విషయంలో మాత్రం ఏదీ అంతుపట్టట్లేదు. తొందరగా రాయి. వరస పెరిగిపోతోంది.

నీ చెల్లి

—

డేకేర్, పిల్లలు పడుకునే గది

తొందరమ్మా,

ఒకడు నా వేలు పట్టుకుని నిద్రపోయాడు. మిగిలిన చేత్తో రాస్తున్నాను, గీతలు వంకరపోతే తిట్టకు.

ముందు నువ్వు అడిగింది చెబుతాను. ఉత్తి ముక్కు కారుతుంటే పంపు. ముక్కు కారని పిల్ల మా దగ్గర ఉందంటే అది బొమ్మ అయ్యుంటుంది. దగ్గు ఉన్నా తింటూ, ఆడుతూ, రాత్రి నిద్రపోతుంటే పంపు. జ్వరం ఉంటే పంపకు. వాంతులైనా, విరేచనాలైనా పంపకు. ఒంటి మీద ఏవో దద్దుర్లొస్తే డాక్టరు చూసేదాకా పంపకు. జ్వరం తగ్గడం అంటే మందు వేయకుండా తగ్గి, ఒక రోజంతా మళ్ళీ రాకపోవడం. మందు వేస్తే తగ్గింది అంటే తగ్గలేదనే. ఇంకోటి, పిల్ల నీ భుజం మీద వాలిపోయి, బొమ్మ ఇచ్చినా చెయ్యి చాచకపోతే జ్వరం లేకపోయినా ఇంట్లోనే ఉంచు.

ఇదంతా తల్లిదండ్రులకి తెలీక కాదే. తెలిసే చేసే వేషాలు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. ఒకావిడ గుమ్మం బయట నిలబడి పిల్లాడి నుదురు తడిగుడ్డతో తుడుస్తుంది. ఒకాయన స్కూటరు ఆపకుండానే పిల్లని నా చేతుల్లో పెట్టి మాయమైపోతాడు. ఇక జ్వరం సిరప్ పోసి తెచ్చేవాళ్ళకి లెక్కేలేదు. బయల్దేరే ముందు హడావుడిగా పోస్తారు, అది పనిచేసేలోపే నాకు దొరికిపోతారు. నన్ను బోల్తా కొట్టించడం అంత తేలికేం కాదు. నేను నుదురు ముట్టుకోను. చొక్కా లోపల చెయ్యి పెట్టి వీపు చూస్తాను. ఆ తర్వాత తల్లిని అడగను, పిల్లనే అడుగుతాను, ‘పొద్దున్నే ఏం తాగావు బంగారం?’ అని. ‘ఎర్ర మందు’ అని టక్కున చెప్పేస్తారు. అప్పుడు ఆ తల్లి మొహం చూడాలి నువ్వు! పిల్లలకి అబద్ధం రాదు. నా ఉద్యోగమంతా ఆ ఒక్క సంగతి మీదే నడుస్తోంది.

మా గదిలో నెలలు నిండకుండా పుట్టిన పసిగుడ్డు ఒకటుంది. నలుసు అని పిలుస్తాం. ఎవరైనా దాని పక్కన తుమ్మితే నా గుండె ఆగినంత పనవుతుంది. అందుకే అంత కచ్చితంగా ఉంటాను, చాదస్తం అనుకోకు.

అక్క

—

డిపో, మధ్యాహ్నం బస్సులు వదిలాక

అక్కా,

నీ ఉత్తరం వచ్చేసరికి దీని జ్వరం పోయి దగ్గు వచ్చింది. పోస్టు వాళ్ళ కంటే జబ్బులే వేగంగా ఉన్నాయి. అయినా నీ ఉత్తరం భలే పనికొచ్చింది. ఒకసారి కాదు, మూడుసార్లు చదివాను. పోయిన వారం మళ్ళీ కాస్త వెచ్చబడింది కానీ గండం గడిచిపోయింది. డేకేర్ నుంచి ఒక్క ఫోనూ లేదు. నేను కుర్చీలోంచి లేవలేదు. పెద్దాయన నా వంక చూసి తలాడించాడు కూడా, అదే మెచ్చుకోలట.

అన్నట్టు మీ ఇంట్లో ట్యాపు కారడం ఆగిందా? బావగారు బాగుచేస్తానని ఏడాదిగా అంటూనే ఉన్నారు. ఇదిగో, ఎవరో బ్రేకు సరిగ్గా పడట్లేదని కిటికీ బాదుతున్నాడు. ఉంటాను.

చెల్లి

—

డేకేర్, పిల్లలు పడుకునే గది

తొందరమ్మా,

నీ ఉత్తరం చూసి సంతోషించి, రెండోసారి చదివి ఆలోచనలో పడ్డాను. ‘కాస్త వెచ్చబడింది’ అన్నావు. ‘నేను కుర్చీలోంచి లేవలేదు’ అన్నావు. మరి ఆ రోజు పిల్ల ఎక్కడుంది? మీ ఆయన లేరు. పక్కింటి వాళ్ళు ఊళ్ళో లేరని ఆమధ్య ఫోన్లో నువ్వే చెప్పావు. మందు పోసి పంపట్లేదు కదా?

నా మనసేం బాగోలేదు. నలుసుకి దగ్గు పట్టుకుంది. ఎవరి దగ్గర్నుంచి అంటుకుందో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. వాళ్ళమ్మ రోజూ ఫోన్ చేసి ఊపిరి ఎలా తీస్తోందని అడుగుతోంది. ఆ గొంతు విన్నాక నాకు ముద్ద దిగట్లేదు. అందుకే నిన్ను ఇంత సూటిగా అడిగాను. సూటిగానే జవాబు రాయి.

ట్యాపు ఇంకా కారుతూనే ఉంది.

అక్క

—

ఇంట్లో, వంటగది గట్టు మీద

అక్కా,

నువ్వు మీ డేకేర్ గుమ్మంలో నిలబడు, మా ఇంటి గుమ్మంలో కాదు. నా పిల్లకి ఏం కావాలో నాకు తెలీదా? మీ నలుసు సంగతి విని బాధేసింది, నిజంగానే. కానీ దానికీ నాకూ ముడిపెట్టకు.

ఇది ఈ మధ్య ఎంత బుద్ధిగా ఉంటోందో తెలుసా? పేచీ లేదు, ఏడుపు లేదు. పొద్దున్నే బూట్లు తనే వేసుకుంటుంది. మునుపు చీమ కుట్టినా వీధంతా వినపడేలా అరిచేది, ఇప్పుడు గొంతే వినపడదు. ఒక చెవి మీద చెయ్యి పెట్టుకుని ముడుచుకు పడుకునే కొత్త అలవాటు చేసుకుంది, ముద్దొస్తుంది. పెద్దదైపోతోంది, అంతే. నువ్వు కంగారు పడి నన్ను కంగారు పెట్టకు.

చెల్లి

—

డేకేర్ వరండా

ఒసేయ్,

వెంటనే దాని చెవి చూపించు. అది ముద్దొచ్చే అలవాటు కాదు. నాలుగేళ్ళ పిల్ల ఊరికే బుద్ధిమంతురాలైపోదు. నిన్నటి నుంచి ఫోన్ చేస్తూనే ఉన్నాను, నువ్వు ఎత్తట్లేదు. నా మీద కోపం తర్వాత తీర్చుకో. ఈ ఉత్తరం నీకు ఆలస్యంగా చేరుతుందని తెలిసి కూడా రాస్తున్నాను, చేతులు ఊరుకోవట్లేదు.

అక్క

—

ఆస్పత్రి, పిల్లల వార్డు

అక్కా,

ఫోన్ చేద్దామని నీ నంబరు దాకా వెళ్ళి ఆగిపోయాను. నీ గొంతు వింటే ఇది చెప్పలేను. రాసేస్తాను.

నువ్వు గుమ్మం దగ్గర ఏమేం చూస్తావో రాశావు చూడు, అదంతా నేను ఇక్కడి గుమ్మం దాటడానికి వాడుకున్నాను. బయల్దేరే ముందు పోసేవాళ్ళు దొరికిపోతారన్నావు. నేను ఇంకా ముందే, అది సగం నిద్రలో ఉండగానే సిరప్ పోశాను. వీపు చూస్తారన్నావు, వీపు తుడిచాను. పిల్లని అడుగుతారన్నావు. పిల్లకి నేర్పాను.

అద్దం ముందు నిలబెట్టి ఆటలాగా నేర్పాను అక్కా. నేను డేకేర్ ఆంటీని. ‘పొద్దున్నే ఏం తాగావు?’ ‘పాలు తాగాను.’ ‘ఎక్కడైనా నొప్పిగా ఉందా?’ ‘ఎక్కడా లేదు.’ ‘ఎలా ఉన్నావు?’ ‘బాగున్నాను.’ సరిగ్గా చెప్తే చప్పట్లు కొట్టేదాన్ని. తప్పు చెప్తే అమ్మ ఉద్యోగం పోతుందన్నాను. అంత చిన్నదానితో అన్నాను.

మొన్న సాయంత్రం ఇంటికొచ్చి బట్టలు మారుస్తుంటే మెడ మీద జిగటగా తగిలింది. చెవిలోంచి చీము కారుతోంది. ఒళ్ళు కాలిపోతోంది. ‘నొప్పిగా ఉందా తల్లీ?’ అన్నాను. అది నా కళ్ళలోకి చూసి, ‘పాలు తాగాను. ఎక్కడా లేదు. బాగున్నాను’ అంది. నాతో! వాళ్ళ అమ్మతో! నన్ను తీసుకెళ్ళి ఆ గుమ్మంలో నిలబెట్టేసింది అక్కా.

చెవిలో పొరకి చిల్లు పడిందట. ‘చాలా రోజులుగా నొప్పి ఉండుంటుందే, ఏడవలేదా?’ అని డాక్టరమ్మ అడిగింది. ఏడవలేదని చెప్పాను. ఆవిడ రాయడం ఆపి పిల్ల వంక చూసింది, నా వంక చూడలేదు. పొర చాలావరకు దానంతటదే మూసుకుంటుందట, వినికిడి సంగతి అప్పుడు చూద్దామంది. సూది వేస్తే కూడా ఇది అరవలేదు. పక్క మంచాల మీద పిల్లలంతా గోల గోలగా ఏడుస్తున్నారు. వాళ్ళ తల్లుల్ని చూస్తే నాకు అసూయగా ఉంది.

మీ మరిది బయల్దేరారు. నువ్వు కూడా రా. తిట్టడానికైనా రా.

చెల్లి

—

తిరుగు ప్రయాణం, బస్సు కిటికీ పక్క

తొందరమ్మా,

మీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నిన్ను తిట్టలేదు. తిట్టాలనే వచ్చాను. గిన్నెలు తోముతూ నువ్వు కుళాయి చప్పుడులో ఏడవడం విన్నాక నోరు రాలేదు. అయినా కోపం పోలేదని తెలుసుకో. నీ మీద ఉంది, మీ పెద్దాయన మీద ఉంది, టవరు మీద కూర్చునే మరిది మీద ఉంది. ఎక్కువగా నా మీదే ఉంది. నేనెంత గడుసుదాన్నో నీకు చెప్పుకోవాలని ఆ ఉత్తరం అలా రాశాను. జ్వరానికి ఎప్పుడు ఉంచాలో రాసి ఊరుకుంటే సరిపోయేది.

నీతో ఎదురుగా చెప్పలేనిది ఒకటుంది. బుధవారం నువ్వు స్టవ్ దగ్గర ఉన్నప్పుడు మన పిడుగు మెట్ల మీద జారి పడింది. మోకాలు చీరుకుపోయి నెత్తురొచ్చింది. నేను పరిగెత్తేలోపే లేచి నిలబడి, ముందు వంటగది వైపు చూసింది, నువ్వు చూశావేమోనని. తర్వాత గౌను కిందికి లాగి మోకాలు కప్పుకుని, ‘ఏం కాలేదు పెద్దమ్మా’ అని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు భయమేసింది. చెవి మానుతుంది. దీనికి ఏం చేయాలో నాకు తెలీదు. జ్వరం, దగ్గు, వాంతులకైతే ఏం చేయాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఇన్నేళ్ళలో నొప్పి దాచుకునే పిల్ల నా గుమ్మానికి రాలేదు. వచ్చినా నాకు తెలిసుండదు, అదీ నా భయం.

నలుసు బాగానే ఉంది. దగ్గు తగ్గి ఇంటి దగ్గరే ఉంది.

అక్క

—

డిపో, డ్యూటీ కిటికీ వెనక
చలి మొదలైంది

అక్కా,

చెవి పొర మూసుకుంటోందట. ఆ పక్కన గుసగుసగా చెప్తే ఇంకా సరిగ్గా వినపడట్లేదు, వస్తుందన్నారు.

డేకేర్ ఆవిడకి అంతా చెప్పేశాను. అరుస్తుందనుకున్నాను. ‘అంత ముద్దుగా చెప్పేదండీ, నేను నమ్మేశాను’ అంది. ఆవిడ అరిచుంటే హాయిగా ఉండేది. ఇకనుంచి జ్వరం వస్తే రాత్రే ఫోన్ చేసి చెప్తానని మాటిచ్చాను. రెండుసార్లు ఇంట్లోనే ఉంచేశాను కూడా. పెద్దాయన కిటికీ తీసేసుకోలేదు కానీ తీసేసుకునే మొహంతోనే తిరుగుతున్నాడు.

ఒక మంచి కబురు. హెడ్డాఫీసులో బస్సుల టైములు వేసే విభాగంలో ఒక ఖాళీ వచ్చింది. పొద్దున్నే అందరిలాగా వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరచ్చు. ఒకరోజు నేను లేకపోతే ఏ బస్సూ ఆగదు. ఇంటర్వ్యూకి పిలిచారు. అది వస్తే నా బాధలన్నీ తీరినట్టే అక్కా, దాన్ని ఏ మందూ పోయకుండా ఇంట్లో ఉంచుకోవచ్చు. నాకు అంతకంటే ఏమీ వద్దు.

పిల్ల మాత్రం అలాగే ఉంది. రోజూ సాయంత్రం ఎలా ఉన్నావమ్మా అంటాను. బాగున్నాను అంటుంది. నొప్పి ఉంటే చెప్పు, అమ్మ ఏమీ అనదు అంటే తల ఊపుతుంది. చెప్పదు.

చెల్లి

—

డేకేర్, పిల్లలు పడుకునే గది

తొందరమ్మా,

ఇంటర్వ్యూలో వాళ్ళు అడగడం పూర్తయ్యాకే జవాబు చెప్పు. మధ్యలో అందుకోకు. అది ఒక్కటి చేస్తే ఉద్యోగం నీదే.

గుమ్మంలో పిల్లల్ని అడగడం మానేశాను. ఇప్పుడు తల్లినే అడుగుతున్నాను, ‘రాత్రి నిద్ర పట్టిందా మీకు?’ అని. నిన్న ఒకావిడ ఆ మాటకే బావురుమని, రాత్రంతా జ్వరమేనండీ అని చెప్పేసింది. తిప్పి పంపక తప్పలేదు. కానీ ఆవిడ వెళ్తూ నన్ను తిట్టుకోలేదనుకుంటున్నాను.

ఇంటర్వ్యూ అవగానే రాయి. మీ బావగారు ట్యాపు బాగుచేశారు. ఇప్పుడు నీళ్ళే రావట్లేదు.

అక్క

—

ఇంట్లో, మంచం మీద
పట్టపగలు

అక్కా,

ఇవాళే ఇంటర్వ్యూ. నేను ఇంట్లో ఉన్నాను.

పొద్దున్నే అన్నీ సిద్ధం చేసుకున్నాను. పిడుగు బ్రెడ్డు తినేసి, ఇంకోటి అడిగి తింది. బూట్లు వేసుకుంది. తలుపు తాళం వేస్తుంటే నెమ్మదిగా, ‘అమ్మా, కడుపు నొప్పి’ అంది. నుదురు చూశాను, వీపు చూశాను, చల్లగా ఉంది. పొట్ట మెత్తగా ఉంది. నువ్వు మొదట్లో రాసినవాటిలో ఒక్కటీ దీనికి వర్తించదు. నీ గుమ్మంలో అయినా లోపలికి తీసుకుంటావు. పైగా ఆ గొంతు నాకు బాగా తెలుసు. సెలవు కావాల్సిన డ్రైవరు గొంతు అది.

దాచను, చెయ్యి పట్టుకుని నాలుగు మెట్లు దింపాను కూడా. ‘ఇవాళ ఒక్కరోజు తల్లీ’ అన్నాను. అది ఏడవలేదు, మారాం చేయలేదు. ‘సరే, బాగున్నాను’ అంది.

అంతే. దాన్ని ఎత్తుకుని పైకొచ్చి తాళం తీశాను. హెడ్డాఫీసుకి ఫోన్ చేశాను. జ్వరమా అని అడిగారు. కాదండీ, కడుపు నొప్పి అన్నాను. డాక్టరుకి చూపించారా అన్నారు. లేదండీ, నొప్పి అని చెప్పింది అన్నాను. అవతల ఎవరో నవ్వినట్టు వినపడింది. మళ్ళీ పిలవడం కుదరదు, ఇవాళే తేల్చేస్తాం అన్నారు. ఫోన్ పెట్టేసి బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను అక్కా. ఆ ఉద్యోగం నాకు ఎంత కావాలో నీకు తెలుసు.

మధ్యాహ్నానికి ఇది మంచం మీద గెంతుతోంది. గెంతి గెంతి ఆగి, ‘అమ్మా, కడుపు నొప్పి లేదు’ అంది. తగ్గిందా అన్నాను. ‘పొద్దున కూడా లేదు.’ మరి ఎందుకు చెప్పావే అన్నాను. నా గొంతు ఎలా వచ్చిందో నాకే తెలీదు. అది జంకలేదు. ‘నొప్పి అంటే ఉంచుతావా లేదా అని’ అంది. నన్ను కాసేపు అలాగే చూసి, ‘ఉంచావు’ అని మళ్ళీ గెంతడం మొదలుపెట్టింది.

నాకు కోపం రాలేదు. వస్తుందేమోనని కాసేపు చూశాను, రాలేదు.

ఇంకాసేపటికి మంచం దిగి వచ్చి నా ఒళ్ళో కూర్చుంది. చొక్కా చెయ్యి తనే పైకి మడిచి మోచెయ్యి చూపించింది. నల్లగా కమిలిపోయి ఉంది. రెండు మూడు రోజుల కిందటి దెబ్బలా ఉంది. ‘ఇక్కడ మాత్రం నిజంగా నొప్పి. డేకేర్లో తలుపుకి కొట్టుకుంది’ అని, నేను ముట్టుకోగానే గొంతెత్తి ఏడుపు అందుకుంది. ఎంత ఏడ్చిందనుకున్నావు! కిందింటి ఆవిడ పైకొచ్చి ఏమైందని అడిగింది. దెబ్బ తగిలిందని చెప్పాను.

మందు రాశాను. ఇప్పుడు పడుకుంది. రేపు పంపుతాను.

చెల్లి